మంచులో తేమ ఎంత?

నల్లగొండలో డిసెంబరు ఎంత ముదిరినా చలి స్వెట్టరు దాటదు. బేత్లెహేములోనూ మంచు పడేది ఏ ఏడో ఒకసారి. అయినా క్రిస్మస్ పశువులపాక మీద మంచు లేకుంటే పిల్లలు ఒప్పుకోరు. 1976లో నల్లగొండకు సొంత క్యాథలిక్ మేత్రాసనం వచ్చింది. మంచు మాత్రం ఇంకా మంజూరు కాలేదు.

అదే జిల్లాలో మునుగోడు వైపు ఒక రైతు ఇల్లనుకోండి. అర్ర నిండా పత్తి. 2025-26కు పొడవు పింజ మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. కిలోకు 81 రూపాయల చిల్లర. అదీ చేతికి రావాలంటే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్ల కపాస్ కిసాన్ యాప్ తెరవాలి, స్లాట్ దొరకాలి, మిల్లు ముందు పడిగాపులు కాయాలి. మీటరులో తేమ 12 శాతం దాటిందా, బండి వాపస్.

అలా వాపసొచ్చిన బండి యజమానే నల్లగొండకు పోయి కేకు, నక్షత్రం, చిన్నోడికి శాంటా టోపీ, దాంతోపాటు ఒక 'మంచు' ప్యాకెట్ తెచ్చాడు. విప్పితే దూది! దీనికి స్లాట్ లేదు, మీటరు లేదు. బేరం అసలే లేదు.

"అర్రల ఉన్నది పరువరాదా?" అంది ఇల్లాలు.

"దాంట్ల గింజలుంటయే. మంచుల గింజలుంటయా?" అన్నాడాయన, పెద్ద శాస్త్రం తెలిసినట్టు.

బిడ్డకు వేరే దిగులు పట్టుకుంది.

"నాయినా, మంచంటే మొత్తం తేమనే గద! సీసీఐ సారొస్తే బాలయేసును గూడ వాపస్ పంపుతడా?"