చాక్లెట్ ముద్దాభ్యుదయము

ప్రబంధమన్నాక పద్దెనిమిది వర్ణనలుండాలని పెద్దల మాట. పురం: బాగేపల్లి. బడిలో కన్నడం, వంటింట్లో తెలుగు. పర్వతం: 1,478 మీటర్ల నంది. నది: ఆ కొండల్లో పుట్టి మా ఊరి పక్కగా పోయే చిత్రావతి, నీళ్లున్న ఏడాది నీళ్లను, లేని ఏడాది ఇసుకను వర్ణిస్తాం. సముద్రం దొరకలేదు గనుక అంట్లు నిండిన సింకుతో సరిపెట్టుకోండి. రెండు భాషల్లోనూ పాడిన యోగి కైవారం తాతయ్యకు దండం పెట్టి యుద్ధకాండలోకి దిగుతున్నాను.

నాయిక మా అక్క. చాక్లెట్ ట్రఫుల్స్ చేసి తీరుతానని ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం ప్రతిజ్ఞ పూనింది. 200 గ్రాముల డార్క్ చాక్లెట్, 100 మిల్లీలీటర్ల క్రీము, కోకో పొడి, రెండు గిన్నెలు ఆమె చతురంగ బలాలు. ప్రతినాయకుడు సాక్షాత్తు సూర్యభగవానుడు. చాక్లెట్‌లోని కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మా ఊరి ఎండ ఆ గీటును అవలీలగా దాటేస్తుంది.

మరిగే నీళ్ల గిన్నె మీద రెండో గిన్నె ఎక్కింది. అందులో చాక్లెట్ ముక్కలు ఒక్కొక్కటే గర్వం విడిచి, కాటుకలా నిగనిగలాడుతూ శరణు వేడాయి. దేవతలు పూలవాన కురిపించేవారే. అంతలో పక్క పొయ్యి మీద రాగి సంగటి కెలికి, చెయ్యి తడుపుకుని ముద్ద కడుతున్న అవ్వ, ఇదేమిటా అని తొంగిచూసింది. ఆమె వేలికొస నుంచి ఒక్క నీటిబొట్టు రాలింది.

ఒక్కటే బొట్టు! పొడిపొడిగా ఉన్న చక్కెర, కోకో రేణువులు ఆ తడికి ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. పట్టులా జారే చాక్లెట్ ఇటుకల మట్టిలా బిగిసింది. అక్క గరిటె జారవిడిచి, గాండీవం జారిన అర్జునుడిలా కూలబడింది. ఇక్కడే ఉంది ధర్మసూక్ష్మం: కొంచెం తడి చంపిన చాక్లెట్‌ను ఎక్కువ తడి బతికిస్తుంది. వేడి క్రీము చెంచా చెంచాగా పోసి కలిపేకొద్దీ మృతసైన్యం లేచి కూర్చుని మెరిసింది.

రెండు గంటల ఫ్రిజ్ వనవాసం తర్వాత ఉండలు చుట్టే ఘట్టం. అక్క అరచేతిలో పెట్టగానే ప్రతి ఉండా కన్నీరుమున్నీరై వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది. అవ్వ నవ్వింది.

"సంగటి ముద్దకు మన చెయ్యి కాలతాది. దీనికి మన చెయ్యి తగిల్తే ఇది కాలతా ఉంది. అంతేగదే? యాడా నిలపగాకు, ఎగరేస్తా కట్టు."

చెయ్యి తుడుచుకుని కూర్చుంది. పొగలు కక్కే ముద్దను అరవై ఏళ్లుగా ఆడించిన ఆ అరచేతుల మధ్య చాక్లెట్ ఉండ క్షణం కూడా ఆగలేదు. కరగాలన్న ఆలోచన వచ్చేలోపే గుండ్రమై కోకో పొడిలో పడింది. పాతిక ఉండలు, పాతిక క్షణభంగుర గోళాలు! ఫ్రాన్సులో మట్టికింద దొరికే ట్రఫుల్ పుట్టగొడుగు పోలికతో వాటికా పేరొచ్చిందని అక్క వివరించింది.

"మేకపెంటికల మాదిరుండాయి," అంది అవ్వ. ఉపమాలంకారంలో మా ఇంట ఆమెకు సాటి లేరు.

ఇక ఫలశ్రుతి. మొదటి ట్రఫుల్ అవ్వకే. నాలుక మీద ఆనిస్తే నోటి 37 డిగ్రీల వేడికి అదే కరిగి పరిమళిస్తుందని అక్క చెప్పబోయింది. కానీ ముద్దను నమలరాదు, సారులో ముంచి మింగవలెనన్నది మా సీమ శాసనం. అవ్వ గుటుక్కున మింగేసింది.

మేం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.

"గొంతు దిగిందిలే," అంది అవ్వ, కంచం కోసం చెయ్యి చాపుతూ. "సారేదే?"