సారుకు పేపర్లు, రైతుకు రసీదులు

వరంగల్‌లో ఉండి సుపరిపాలన మీద పరిశోధన చేసేవాడంత అదృష్టవంతుడు ఇంకొకడు లేడు. ముడిసరుకు కోసం గుమ్మం దిగనక్కర్లేదు, సర్కారే ఇంటికి పంపిస్తుంది. 2016 అక్టోబరు 11న ఒక్క జిల్లాను ఐదు చేశారు. పాలనా వికేంద్రీకరణ మీద పేపరు. 2019లో ములుగు విడిపోయింది. అనుబంధ పేపరు. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. పాత పేపర్లలో పేర్లు దిద్దితే చాలు, కొత్త పేపరు.

ఈ సారు ఫలానా మనిషని వెతక్కండి. ఏ సెమినార్ హాల్లోకి తొంగిచూసినా ముందు వరసలో శాలువాతో కనబడే మూర్తి ఆయన.

ఆయన జాతకం 1989లోనే రాసిపెట్టి ఉంది. ఆఫ్రికా కష్టాలకు మూలం పాలనా సంక్షోభమని ఆ ఏడాది ప్రపంచ బ్యాంకు తేల్చింది. అప్పు తీసుకున్న దేశం బాగుపడలేదంటే లోపం అప్పులో లేదు, ఏలికల్లో ఉందన్నమాట. ఆ గాలి మనదాకా వీచింది. 1998లో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణానికి బ్యాంకు రుణం, రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో 'కార్డ్' కంప్యూటర్లు, మరుసటేడు మెకిన్సీ చెయ్యేసిన విజన్ 2020, 2001లో హైదరాబాద్‌లో సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్, దాని వెనక బ్రిటన్ వారి విదేశీ సాయం శాఖ డీఎఫ్ఐడీ. సారు ఎంఫిల్ 'సంస్కరణల ఆవశ్యకత', పీహెచ్‌డీ 'సంస్కరణల అమలు'. రీడరయ్యాక 'సంస్కరణల వైఫల్యం', ప్రొఫెసరయ్యాక 'వైఫల్యం నేర్పిన పాఠాలు'. 2020లో విజన్ గడువు తీరింది, డీఎఫ్ఐడీ వేరే శాఖలో కలిసిపోయింది. సారు మాత్రం చెక్కుచెదరలేదు.

తప్పు ఆయనొక్కరిదే కాదు. 2010లో యూజీసీ అధ్యాపకుల ప్రతిభను తూచడానికి రాళ్లు పంపింది. అప్పటి పట్టికలో కాలేజీ స్థాయి సెమినార్‌లో పేపరు చదివితే 3 పాయింట్లు, అంతర్జాతీయ సదస్సులో చదివితే 10. అంటే హసన్‌పర్తి తహసీల్ ఆఫీసు సంగతి హనుమకొండ కాలేజీలో చెబితే మూడు, నైరోబీలో చెబితే పది. హసన్‌పర్తిలోనే నిలబడి చెబితే సున్నా. లెక్క తెలిసినవాడు ఆటో ఎక్కుతాడా, విమానం ఎక్కుతాడా?

2016లో కేంద్రం, ప్రపంచ బ్యాంకు కలిసి ఇచ్చిన సులభ వ్యాపార ర్యాంకుల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ 98.78 శాతంతో మొదటి స్థానం పంచుకున్నాయి. సారు 'వర్ధమాన దేశాలకు తెలుగు నమూనా' చదివారు. 2021లో బ్యాంకు తన డూయింగ్ బిజినెస్ నివేదికనే అంకెల్లో అవకతవకలున్నాయని మూసేసింది. సారు 'ర్యాంకుల రాజకీయం' చదివారు. స్లైడ్లు అవే, ఆఖరిది ఒక్కటి మారింది.

ఇక భూమి సంగతి. 2017లో రికార్డుల ప్రక్షాళన అన్నారు, తగాదా ఉందన్న భూములను పార్ట్-బీ జాబితాలో పడేశారు. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. మూడింటి మీదా సారు మూడు పేపర్లు రాశారు. నాలుగోదాని కోసం ఒక సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లారు, చేతిలో ప్రశ్నావళి. వరసలో ఒక ముసలి రైతు. ఆయన చేతి కవర్లో జిరాక్సులు, మీసేవ రసీదులు.

"ప్రభుత్వ సేవలకు ఒకటి నుంచి ఐదు దాకా ఎన్ని మార్కులేస్తావు?"

"మార్కులు నేనేమేస్త సారూ! నా రెండెకరాలు పార్ట్-బీల పడ్డయి. మీరు పెద్ద సదువు సదివినోళ్లు, జర ఎవలకన్న చెప్పుండ్రి."

"అది సంస్థాగత లోపమయ్యా. మనుషులకు చెబితే తీరేది కాదు."

"గట్లనా? మరి గా సంస్థ ఏ రూముల కూసుంటది సారూ?"

సారు మూడు మార్కులు టిక్కు పెట్టి పక్క మనిషి దగ్గరికి జరిగారు. తటస్థ అభిప్రాయమట.

ఆ నెలలోనే సారు సొంత ప్లాటు మ్యుటేషన్ ఆగింది. పాత శిష్యుడొకడు రెవెన్యూలో ఉన్నాడు. పొద్దున ఫోన్ వెళ్లింది, భోజనాల వేళకు సంస్థాగత లోపం సర్దుకుంది. ఈ పరిశోధన ఫలితాన్ని ఆయన ఇంకా ఎక్కడా ప్రచురించలేదు.

ఇదే వరంగల్‌లో, కాకతీయ విశ్వవిద్యాలయంలో 1980లలో బాలగోపాల్ అని ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. పాలన ఆయన సబ్జెక్టు కాదు. ఎన్‌కౌంటర్లు జరిగిన ఊళ్లకు వెళ్లి, జనం చెప్పింది విని, రాశారు. జైలు చూశారు, ఉద్యోగం వదులుకున్నారు. తర్వాత నల్లకోటు వేసుకుని దిక్కులేనివాళ్ల తరఫున హైకోర్టులో నిలబడ్డారు. యూజీసీ పట్టికలో ఇలాంటి పనులకు గడే లేదు.

కనుక ఒక చిన్న సంస్కరణ. సుపరిపాలన నిపుణుడికి ప్రమోషన్ కావాలంటే ముక్కూమొహం తెలియని ఒక రైతు ఫైలు పట్టుకుని, తన హోదా చెప్పకుండా, శిష్యులకు ఫోన్ చేయకుండా, పాసుబుక్కు వచ్చేదాకా తిరగాలి. వస్తే 10 పాయింట్లు, రాకపోతే ఉన్న కుర్చీలోనే రిటైర్మెంటు. దీంతో సగంమంది నిపుణులు సబ్జెక్టు మార్చుకుంటారు, మిగతా సగానికి తహసీల్ ఆఫీసు దారి తెలుస్తుంది. రెండూ సంస్కరణలే.