పేరులో ఏముంది? పన్నుంది!

బాహూరు పుదుచ్చేరికి అన్నపుకుండ. అక్కడి చెరువు తూము తలుపెత్తాలంటే రెండు చేతులు చాలు. ఆదాయపు పన్ను పోర్టల్ తలుపు మాత్రం, పాస్‌వర్డ్ మరిచిపోతే, తీయడానికి ఓటీపీ రావాలి, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు.

ఆ ఊళ్లో రిటైరైన మాస్టారొకాయన పాన్‌కి ఆధార్ జతచేసి రిటర్ను వేద్దామని నెట్ సెంటర్‌కి వెళ్లారు. ఇటువైపు చాలామందికి ఇంటిపేరుండదు, పేరు ముందు తండ్రి ఇనీషియల్ ఒక్కటే. ఆధార్‌లో ఆ ఒక్క అక్షరమే ఉంది. పాన్‌లో పొడి అక్షరాలు చెల్లవంటే, తండ్రి పూర్తి పేరే ఇంటిపేరై కూర్చుంది.

"రెండు పేర్లూ కలవడం లేదు మాస్టారూ" అన్నాడు కుర్రాడు.

"ఒకటి నాది, ఇంకోటి మా నాన్నది. ఆయన పోయి ముప్పయ్యేళ్లయింది, ఇప్పుడెలా కలుస్తాయి బాబూ?"

2025లో రిటర్నుల గడువు జులై 31 నుంచి సెప్టెంబరు 15కి జరిగింది. ఆ రాత్రి బాగా పొద్దుపోయాక మరొక్క రోజు పెంచారు. చేతులు కడుక్కున్నాక వడ్డించిన పాయసమన్నమాట! మనం ఆలస్యమైతే రూ.5,000 దాకా రుసుము. పోర్టల్ ఆలస్యమైతే తెరమీద గిర్రున తిరిగే చక్రం, చూసినంతసేపూ ఉచితం.

మాస్టారు లేస్తూ అన్నారు: "కడతానన్నవాడికే ఇన్ని పరీక్షలు. ఎగ్గొట్టేవాడికి పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు!"