తప్పుకోండి, దొరగారి పడవ వస్తోంది

సౌతాంప్టన్ రేవుకు వచ్చే ఓడలన్నిటికీ ఒక మనవి. మీ పొడవు 400 మీటర్లయితే కావచ్చు, నెత్తిన వేల కంటెయినర్లు ఉంటే ఉండొచ్చు. సోలెంట్ జలసంధిలో శనాదివారాలు దొరగారు పది మీటర్ల తెరచాప పడవేసుకుని షికారుకు వస్తారు. కాస్త పక్కకు జరగండి.

ఊరికే అనడం లేదు, ఆయన దగ్గర ఆధారం ఉంది. ఓడలు ఢీకొనకుండా 1972లో రాసుకున్న అంతర్జాతీయ నిబంధనల్లో 18వది: ఇంజన్‌తో నడిచేది తెరచాపతో నడిచేదానికి దారివ్వాలి. క్లబ్బులో మూడో గ్లాసు దగ్గర ఇది ఆయన నోట వేదవాక్కులా పలుకుతుంది. చిక్కల్లా ఆ నిబంధన మొదలయ్యేదే 9, 10, 13 నిబంధనలు వేరుగా చెప్పిన చోట ఇది చెల్లదంటూ. పెళ్లి శుభలేఖలో విందు వేళ ఒక్కటే చదివే చుట్టాలుంటారే, అలా దొరగారు పై ముక్క వదిలేసి కింది ముక్క పట్టుకున్నారు. ఇంతకీ 9వది ఏమంటుంది? ఇరుకు దారి తప్ప మరో దారిలేని ఓడకు 20 మీటర్లలోపు పడవ గానీ, తెరచాప పడవ గానీ అడ్డం రాకూడదంటుంది.

సరే, ఓడ జరుగుతుందనే అనుకుందాం. ఎటు జరగాలి? రేవు దారిలో ఓడ తిరగాల్సిన మలుపు పక్కనే బ్రాంబుల్ అనే ఇసుక దిబ్బ ఉంది. ఏడాదికోసారి, ఆటు బాగా లాగిన రోజున, రెండు యాట్ క్లబ్బుల వాళ్లు బ్యాట్లూ వికెట్లూ పట్టుకెళ్లి సముద్రం నడిమధ్య ఆ దిబ్బ మీద క్రికెట్ ఆడతారు. అబద్ధం కాదు. గెలుపు కూడా వంతులవారీగా పంచుకుంటారు. నీళ్ల మీదికి వచ్చేసరికే ఈ వంతులు గిట్టవు. దొరగారు ఓడను జరగమనేది ఆ పిచ్ మీదికన్నమాట! 2008 నవంబరులో క్వీన్ ఎలిజబెత్ 2 అంతటి ఓడ, ఆ రేవుకు ఆఖరిసారి వస్తూ, ఎవరూ జరగమనకుండానే ఆ దిబ్బెక్కి కూర్చుంది. టగ్గులొచ్చి లాగాయి.

ఓడ మీదివాళ్లూ తక్కువ తినలేదు. ముక్కు ముందు 500 మీటర్ల దాకా నీళ్లే కనబడని బ్రిడ్జి, అదే ఓడ నడిపే గది, కట్టుకున్నా అంతర్జాతీయ నియమాలు తప్పుపట్టవు. సరిగ్గా అక్కడికే వెళ్లి దొరగారు చెయ్యి ఊపుతారు. ఈలోగా ఓడ గోడ గాలిని మింగేస్తుంది, తెరచాప వేలాడిపోతుంది. ఓడ ఐదు పొట్టి కూతలు వేస్తుంది. నీ ఉద్దేశమేమిటో తెలియడం లేదని దానర్థం. దొరగారికి మాత్రం తెలిస్తేగా!

(మన విశాఖలో ఫిషింగ్ హార్బర్ మరబోట్లూ, పెద్ద ఓడలూ సముద్రంలోకి వెళ్లేది ఒకే గుమ్మంలోంచి. డీజిలూ మంచుగడ్డలూ అప్పు చేసి ఎక్కించుకున్న సరంగు ఓడ ముక్కుతో వాదన పెట్టుకోడు. ఆయనకు సాయంత్రం క్లబ్బు లేదు.)

2011 ఆగస్టులో అదే సోలెంట్‌లో, కౌస్ పడవ పందేల్లో ఈ నాటకం ఆఖరి అంకం దాకా నడిచింది. హన్నె క్నుట్సెన్ అనే ట్యాంకర్‌కు అడ్డుపడి ఒక పందెం పడవ దాని ముక్కుకు తగిలింది. ఎగిరే తెరచాప వెళ్లి ఓడ లంగరుకు చుట్టుకుంది, పడవ స్తంభం విరిగింది. ప్రాణాలు దక్కాయి. పడవ నడిపినాయనకు కోర్టు 3 వేల పౌండ్ల జరిమానా వేసి, ఖర్చుల కింద మరో లక్ష పౌండ్లు కట్టమంది. నిబంధనల పుస్తకం అంతకంటే చవగ్గానే దొరుకుతుంది.

పుస్తకం చదివించడం తమ వల్ల కాదనుకున్నారో ఏమో, రేవు అధికారులు ఎప్పుడో కొలత పెట్టేశారు. 150 మీటర్లు దాటిన ఓడ ఆ మలుపుల్లోకి వస్తే దాని ముందు 1000 మీటర్లు, అటూ ఇటూ వంద మీటర్లు చిన్న పడవలకు నిషిద్ధం. ఆ నిషేధం ఓడతోపాటే కదులుతుంది, ముందు గస్తీ లాంచీ తరుముతూ వెళ్తుంది. ఇది తన స్వేచ్ఛ మీద దాడి అని దొరగారు పత్రికకు ఉత్తరం రాస్తున్నారు. ఆ కాగితమూ, కలమూ, ఆయన కొత్త తెరచాప గుడ్డా ఏ కంటెయినర్‌లో దిగాయో మరి.