ఆడినవాళ్ళకి కుర్చీ అచ్చిరాదు

మన క్రీడా సంఘాల పెద్దలు నమ్ముకున్న శాస్త్రం ఒకటుంది. దాని ప్రకారం బంతిని తన్నినవారి తెలివంతా కాళ్ళలోకి దిగిపోతుంది. తన్నింది ఆడపిల్ల అయితే మిగిలిన ఆ కాస్తా పెళ్ళితో పోతుంది. అందుచేత ఆడపిల్లల జట్టును నడిపేవారు ఎన్నడూ గ్రౌండులోకి దిగనివారై ఉండాలి. ఎండలోకి కూడా దిగనివారైతే మరీ శ్రేష్ఠం. ఏలూరులో అడిగినా, తాడేపల్లిగూడెంలో అడిగినా, కైకలూరులో అడిగినా పాఠం ఒక్క అక్షరం మారదు. "ఆట వేరండి, ఎడ్మినిస్ట్రేషన్ వేరండి!"

వేరేనండి, కాదన్నదెవరు? ఎడ్మినిస్ట్రేషన్ ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఫ్లెక్సీ మీద ఎమ్మెల్యేగారి తల ఎంతుండాలి, అధ్యక్షులవారి తల ఎంతుండాలి, కార్యదర్శి తల అధ్యక్షులవారి తలకన్నా ఎన్ని అంగుళాలు తగ్గాలి, డబ్బిచ్చిన రొయ్యల మేత కంపెనీ బొమ్మ ఏ మూల పడాలి, ఇదంతా తేలాక ఇంకా చోటు మిగిలితే కప్పు గెలిచిన అమ్మాయిల్ని అడుగున వరసగా నిలబెట్టాలి. శాలువాలు తెప్పించాలి. ముఖ్య అతిథి ప్రారంభోత్సవపు బంతి తన్నేటప్పుడు పంచె కాళ్ళకి అడ్డం పడకుండా పక్కన ఇద్దరు మనుషుల్ని పెట్టాలి. ఆయన పదకొండింటికి వస్తానంటే పిల్లల్ని ఏడింటికే ఎండలో వరస కట్టించాలి. సెలక్షన్స్ నాడు బూటు వేసుకోవడం రాని పిల్ల కోసం వచ్చే ఫోన్లన్నీ ఓపిగ్గా వినాలి, స్పోర్ట్స్ కోటా సీటు ఊరికే వస్తుందా మరి. పదిహేనేళ్ళు ఫార్వర్డు ఆడిన మనిషికి ఈ విద్యల్లో ఒక్కటైనా వచ్చునా? ఆమెకి తెలిసిందల్లా హాస్టల్ భోజనంలో ఏం తక్కువవుతోందో, నెలసరి రోజుల్లో తెల్ల నిక్కరు ఎందుకు వద్దో, ఒకే జత బూట్లు ముగ్గురు మార్చుకుంటే ఎవరి గోరు ఊడుతుందో. ఇవి ఎడ్మినిస్ట్రేషన్ కిందకి రావు.

ఈ శాస్త్రానికి న్యూజెర్సీలో ఒక అపచారం జరిగింది. న్యూజెర్సీ మనకి పరాయి ఊరేం కాదు. గూడెంలో ఏ వీధిలో చూసినా మనవల్ని ఎత్తుకోవడానికి ఎడిసన్ వెళ్ళొచ్చిన అమ్మమ్మలు కనిపిస్తారు. అదే రాష్ట్రంలో హారిసన్ అనే చోట ఆడే మహిళల ఫుట్‌బాల్ జట్టు పేరు గోథమ్. అంతకుముందు దాని పేరు స్కై బ్లూ. 2018లో ఆ జట్టు గుట్టు బయటపడింది. ప్రాక్టీసు చేసేచోట స్నానానికి దిక్కులేదు, ఆటగత్తెలకిచ్చిన ఇంటి కిటికీకి అద్దం బదులు ప్లాస్టిక్ సంచి. యజమానుల్లో ఒకాయన అప్పట్లో సాక్షాత్తు ఆ రాష్ట్ర గవర్నరు. చదువుతుంటే సొంతూరికి వచ్చినట్టే అనిపించింది.

2021లో ఆ జట్టు జనరల్ మేనేజరు కుర్చీలో యేల్ అవర్‌బుక్ అనే ఆవిడని కూర్చోబెట్టారు. ఆవిడ అర్హతలు వింటే మన పెద్దలకి బీపీ పెరుగుతుంది. పెరిగింది న్యూజెర్సీలోనే. నార్త్ కరోలినా యూనివర్సిటీకి ఆడే రోజుల్లో ఆట మొదలైన నాలుగు సెకన్లకే నడిమి గీత దగ్గర్నుంచి నేరుగా గోలు కొట్టింది. 2009లో ఈ స్కై బ్లూ తరఫునే ఆడి కప్పు గెలిచింది. అమెరికా జెర్సీ వేసుకుంది. స్వీడన్‌లో ఆడింది, రష్యాలో ఆడింది. ఇవన్నీ చాలవన్నట్టు లీగులో ఆటగత్తెల యూనియన్ నిలబెట్టినవాళ్ళలో ముందు వరసలో నిలబడింది. మన దగ్గరైతే ఆ చివరి అర్హత ఒక్కటే చాలు, పేరు జాబితాలోంచి ఎగిరిపోవడానికి.

2022లో గోథమ్ పట్టికలో అట్టడుక్కి పడింది. "చెప్పానా!" అని మన అధ్యక్షులవారు తొడ చరిచేలోగా 2023 వచ్చింది, అదే జట్టు లీగ్ ఛాంపియన్ అయింది. 2025లో మళ్ళీ అయింది. ఇందులో మంత్రమేమీ లేదు. అవర్‌బుక్ కోచ్‌ని మార్చింది, ఆడగలిగినవాళ్ళని వెతికి తెచ్చుకుంది, వచ్చినవాళ్ళు వెళ్ళిపోకుండా చూసుకుంది. దిక్కుమాలిన డ్రెస్సింగ్ రూముల్లో తాను కూర్చుని ఉన్నదే కాబట్టి ఏ గదిలో ఏముండాలో ఎవరినీ అడగనక్కరలేకపోయింది. ఇంతకన్నా ఆశ్చర్యపడాల్సింది, ఆ పనికి ఆవిడని పెట్టాలని ఎవరికో తోచడం.

"అది అమెరికా అండి, అక్కడ చెల్లుతుంది" అంటారని తెలుసు. అక్కడా మన శాస్త్రం చదివినవాళ్ళున్నారు. ఆడవాళ్ళు తమకీ సమాన జీతం కావాలని దావా వేస్తే, 2020 మార్చిలో అమెరికా ఫుట్‌బాల్ ఫెడరేషన్ లాయర్లు కోర్టుకి రాసిచ్చారు, మగవాళ్ళ జట్టులో ఆడటానికి నైపుణ్యం ఎక్కువ కావాలి, బాధ్యతా ఎక్కువేనని. అప్పటికి ప్రపంచకప్పు ఆడవాళ్ళ చేతిలో ఉంది. మగవాళ్ళు 2018 ప్రపంచకప్పుకి అర్హతే సాధించలేదు. ఆడవాళ్ళు జెర్సీలు తిరగేసి తొడుక్కుని గ్రౌండులోకి దిగారు, మర్నాటికల్లా అధ్యక్షుడు కార్లోస్ కోర్డెయిరో రాజీనామా చేశాడు. ఆ కుర్చీలోకి వచ్చిన సిండీ పార్లో కోన్ 1999లో ప్రపంచకప్పు గెలిచిన మనిషి, రెండు ఒలింపిక్ బంగారాలున్న మనిషి. రెండేళ్ళు తిరిగాక, 2022 మేలో సమాన జీతాల ఒప్పందం కుదిరింది. అంటే ఆటలో తలతో గోల్స్ కొట్టేవాళ్ళకి తల ఇంకో పనికీ పనికొస్తుందని ఒప్పుకోవాల్సొస్తుంది. ప్రమాదం.

నార్వే వాళ్ళ తప్పు ఇంకా పెద్దది. 2022 మార్చిలో వాళ్ళు దేశానికి ఆడిన, లా చదివి లాయరైన లీసె క్లావెనెస్‌ని ఫెడరేషన్ అధ్యక్షురాలిని చేశారు. చేసిన నెలలోనే ఆవిడ దోహాలో ఫిఫా మహాసభ వేదికెక్కి, ఖతార్‌లో స్టేడియాలు కట్టిన వలస కూలీల ప్రాణాల సంగతేమిటని అడిగింది. సభలో పెద్దమనుషులు చాలామంది ఉన్నారు, మనదేశం వాళ్ళూ ఉండే ఉంటారు. ఆ గల్ఫుకి కరీంనగర్ నుంచీ, నరసాపురం, రాజోలు వైపు నుంచీ వెళ్ళిన మనవాళ్ళ గురించి మాట్లాడటానికి నార్వే నుంచి ఒక మాజీ ఫుట్‌బాలరమ్మ రావాల్సొచ్చింది.

మరి ఆట తెలియని దక్షుల చేతుల్లో మన ఫుట్‌బాల్ ఎంత పచ్చగా ఉందో చూద్దాం. కుర్చీల తగాదా ముదిరి, కోర్టు పెట్టిన కమిటీ మీద ఫిఫాకి కోపమొచ్చి, 2022 ఆగస్టు 15న, పంద్రాగస్టు నాడు, భారత ఫుట్‌బాల్‌ని సస్పెండ్ చేశారు. పది పన్నెండు రోజుల్లో ఎత్తేశారు, నిజమే. ఈలోగా ఆసియా క్లబ్ పోటీలకని తాష్కెంట్ దాకా వెళ్ళిన గోకులం కేరళ అమ్మాయిలు బంతి ముట్టకుండా వెనక్కొచ్చారు. కుర్చీ కోసం కొట్టుకున్నది ఒకరు, విమానం దిగి హోటల్లో కూర్చున్నది ఇంకొకరు. ఆ అక్టోబరులో మన గడ్డ మీదే జరిగిన అండర్-17 ప్రపంచకప్పులో మన పిల్లలు మూడు మ్యాచుల్లో పదహారు గోల్స్ ఇచ్చుకుని, ఒక్కటీ కొట్టలేక బయటికొచ్చారు. నింద మాత్రం పిల్లలకి. ఎడ్మినిస్ట్రేషన్‌కి గోల్‌పోస్టు ఉండదు, అదొక సౌకర్యం.

"మేం ఆడవాళ్ళని పక్కన పెట్టామా? లేడీ మేనేజరు లేకుండా ఏ టీమునైనా పంపామా?" అని అధ్యక్షులవారు నొచ్చుకుంటారు. పంపలేదు. ఆ లేడీ మేనేజరు కోశాధికారిగారి భార్య. కిందటేడు వారి వదినగారు. బండిలో పులిహోర పొట్లాలు పంచడం, రాత్రి గది తాళం దగ్గర పెట్టుకోవడం, మ్యాచ్ టైములో ఆ ఊళ్ళో చీరలెక్కడ బావుంటాయో కనుక్కోవడం వారి బాధ్యతలు. ఆవిడ మంచిదే పాపం, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పేవాళ్ళు లేక తెలుసుకోలేదు. సంఘంలో మహిళా ఉపాధ్యక్షురాలు కూడా ఉన్నారు. సంతకం అవసరమైతే రిజిస్టరు ఇంటికి వెళ్తుంది.

కొల్లేటి వాళ్ళకి ఈ ఏర్పాటు విడమరిచి చెప్పనక్కరలేదు. డెబ్భైల్లో ప్రభుత్వం కొల్లేటిలో చేపల చెరువులు మత్స్యకారుల సొసైటీలకిచ్చింది. పోనుపోను పేరు లంక గ్రామం మనిషిదీ, పెట్టుబడి పైవాడిదీ, చేపలెక్కే లారీ కూడా పైవాడిదీ అయి కూర్చుంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని గట్లు పేల్చినప్పుడు కూలి పోగొట్టుకున్నది మళ్ళీ లంక మనిషే. మన మహిళా ఉపాధ్యక్ష పదవి సరిగ్గా ఆ చెరువే. పట్టా అమ్మగారిది, పట్టుబడి అయ్యగారిది.

ఆడినవాళ్ళని గౌరవించడం మనకి చేతకాదని మాత్రం అనకండి. 2025 అక్టోబరులో విశాఖ క్రికెట్ స్టేడియంలో స్టాండ్లకి మిథాలీ రాజ్, రావి కల్పన పేర్లు పెట్టారు. పెట్టాల్సిందే, ఇంకా ముందే పెట్టాల్సింది. పెద్దలకి స్టాండు అంటే ఎందుకంత ప్రేమో నాకు తెలుసు: స్టాండు ఓటెయ్యదు, లెక్కలడగదు. సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు తెచ్చిన కరణం మల్లీశ్వరిని స్పోర్ట్స్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌ని చేయాలని 2021లో తోచింది కూడా ఢిల్లీ వాళ్ళకే. ఫుట్‌బాల్ దగ్గరికొస్తే, నిజామాబాద్ జిల్లా పిల్ల గుగులోత్ సౌమ్య క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌లో చేరింది, ఈస్ట్ బెంగాల్ తరఫున లీగ్ గెలిచింది, 2024-25కి దేశంలోకెల్లా ఉత్తమ క్రీడాకారిణి అయింది. ఇంకో పదేళ్ళకి ఆ అమ్మాయి బూట్లు విప్పి వచ్చాక ఏ జట్టునో ఏ సంఘాన్నో నడుపుతానంటే మనవాళ్ళు ఏం చేస్తారు? శాలువా కప్పుతారు. ఊపిరాడనంత మందంగా.

ఇప్పుడు కొత్త గండం వచ్చిపడింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన క్రీడా పాలన చట్టం ప్రకారం జాతీయ సంఘాల కార్యవర్గంలో కనీసం నలుగురు ఆడవాళ్ళుండాలి, పేరున్న క్రీడాకారులుండాలి. మర్నెల సుప్రీంకోర్టు ఆమోదించిన ఫుట్‌బాల్ ఫెడరేషన్ రాజ్యాంగం ఇంకా ముదురు: ఉపాధ్యక్షుల్లో ఒకరు మహిళ కావాలి, కార్యవర్గంలో మాజీ ఆటగత్తెలుండాలి. దాన్ని తయారుచేసిన జస్టిస్ లావు నాగేశ్వరరావుగారు మనవారే, ధర్మాసనం మీదున్న జస్టిస్ నరసింహగారూ మనవారే. మనవాళ్ళే ఇలా చేస్తారనుకోలేదని అధ్యక్షులవారు మూడు రోజులు అన్నం సయించక బాధపడ్డారు. ఢిల్లీకి పెట్టిన రూలు రేపు జిల్లాకి దిగదని నమ్మకమేముంది?

మొన్న రాత్రి వారే ఫోన్ చేశారు.

"మాస్టారూ, మా కోడలు ఇంటర్లో త్రోబాల్ ఆడిందండి. ఫుట్‌బాల్ కింద లెక్కేయించొచ్చంటారా?"

"అది చేత్తో ఆడేది కదండీ" అన్నాను.

"బంతి బంతేనండి. సర్టిఫికెట్ రాసేది ఎలాగూ మనమే. పాత తేదీ ఏది వేస్తే బావుంటుందో మీరు చెప్పండి చాలు."