ప్రాజెక్టుల వార్తలు చదివేవారికి ఐదు తలకిందుల సలహాలు

ప్రపంచబ్యాంకు ఇలా అందట, లండన్ పత్రిక అలా రాసిందట అంటూ మన కాలువల మీద, మన రాజధాని మీద తీర్పులు నరసరావుపేట టీకొట్టు దాకా వచ్చేస్తాయి. పెద్ద సంస్థ పేరు చూడు, సారాంశం చదువు, తాజా నివేదికనే నమ్ము అని పిల్లలకు చెబుతుంటాం. నేను సరిగ్గా ఎదురు చెబుతాను. వినడానికి తప్పుడు సలహాల్లాగే ఉంటాయి. పాటించండి.

1. వెనక పేజీల నుంచి చదవండి. నాగార్జునసాగర్ కాలువల ఆధునికీకరణకు ప్రపంచబ్యాంకు 2010లో సుమారు 45 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. ఇలాంటి పథకం ముగిశాక బ్యాంకే ముగింపు నివేదిక వేస్తుంది. మొదటి పేజీల్లో రేటింగు ఉంటుంది. పెట్టుకున్న లక్ష్యమెంత, చేరిందెంత అన్న పట్టికలు వెనక ఉంటాయి. కుడికాలువ కింద సేద్యం చేసే గురజాల రైతుకు కావలసింది ఆ పట్టికలే.

2. రాసినవారి పేరుకన్నా ముందు డబ్బు ఎవరిదో చూడండి. 1999లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ‘విజన్ 2020’ ప్రణాళిక తయారీలో మెకిన్సే సంస్థ ఉంది. ఆ రోజుల్లో బ్రిటన్ ప్రభుత్వ సహాయ నిధులతో లండన్ మేధోసంస్థ ఆడమ్ స్మిత్ ఇన్‌స్టిట్యూట్ సలహాదారులు మన ప్రభుత్వరంగ సంస్థల సంస్కరణల్లో పనిచేశారు. ఆ విజన్‌ను 2001లో రైతుల ముందు విచారణకు పెట్టిన ‘ప్రజాతీర్పు’ వెనక కూడా బ్రిటన్ పరిశోధన సంస్థలున్నాయి. సలహా, విమర్శ రెండూ బ్రిటన్ నుంచే వచ్చినప్పుడు రెంటినీ ఒకే తూకం వేయాలి.

3. మీకు నచ్చిన వార్తనే ముందు అనుమానించండి. 2019 జులైలో అమరావతికి అనుకున్న 30 కోట్ల డాలర్ల రుణం ఆగిపోయింది. ప్రపంచబ్యాంకే తప్పుకుందని కొందరు సంతోషించారు, కొందరు కుమిలిపోయారు. కానీ భారత ప్రభుత్వమే తన అభ్యర్థనను వెనక్కి తీసుకుందని బ్యాంకు ప్రకటించింది. అదే బ్యాంకు 2024 డిసెంబరులో 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. శీర్షికతోనే ఆగినవారికి ఈ కథ రెండుసార్లూ సగమే తెలిసింది.

4. పాత నివేదికలు ముందు తిరగేయండి. 1997 చట్టంతో ఉమ్మడి రాష్ట్రంలో పదివేలకు పైగా సాగునీటి సంఘాలు ఏర్పడ్డాయి. అంతర్జాతీయ సంస్థలు ఆదర్శమని మెచ్చుకున్నాయి. తర్వాత సంఘాలకు ఎన్నికలే లేని ఏళ్లు గడిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ 2024 డిసెంబరులో జరిగాయి. ఒక మెప్పు ఎన్నాళ్లు నిలిచిందో చూస్తేనే కొత్త మెప్పుకు విలువ కట్టగలం.

5. ఇంగ్లీషు రాకపోయినా ప్రపంచబ్యాంకుకు రాయండి. బ్యాంకు నిధులిచ్చే పథకం వల్ల నష్టపోతున్న ఇద్దరు కలిసి, ఇలాంటి ఫిర్యాదులను పరిశీలించే బ్యాంకు ఇన్‌స్పెక్షన్ ప్యానెల్‌కు తమ భాషలోనే ఫిర్యాదు చేయవచ్చు. రాజధాని ప్రాంత భూయజమానులు 2017లో ఆ తలుపు తట్టారు, ప్యానెల్ ఆ ఫిర్యాదును నమోదు చేసుకుంది.

మాచర్లలో, గురజాలలో డిగ్రీ చదివే పిల్లలారా, బ్యాంకు వేసే ఈ ముగింపు నివేదికలు ఉచితంగా దొరుకుతాయి. ఒక్కొక్కటి తీసి, వెనక పట్టికలను తెలుగులో రాసి, మీ ఊరి నీటి సంఘం సమావేశంలో చదివి వినిపించండి. కాలువ చివరి భూములకు నీళ్లందాయో లేదో అక్కడే అడగండి. మన ప్రాజెక్టు మీద మొదటి అభిప్రాయం చెప్పవలసింది ఆ భూముల రైతులే.