లూపు బావ

తెనాలి చుట్టుపక్కల ఎత్తంటూ ఏదీ లేదు. ఎటు చూసినా వరిచేలు, నిమ్మతోటలు, కాలవలు. వాటర్ ట్యాంకో, రైలు పట్టాల మీది వంతెనో ఎక్కితే తప్ప కిందికి చూసే యోగం ఉండదు. అలాంటి బల్లపరుపు నేల మీద పుట్టి, పొద్దస్తమానం వందల అడుగుల నుంచి పడిపోవడం గురించే మాట్లాడే మనిషి ఎవరి చుట్టాల్లోనైనా ఒకరు తగులుతారు. మా ఇంట్లో ఆ పాత్ర మా అక్క మొగుడిది. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు లూపు బావ.

బావకి ఎవరి మీదా కోపం రాదు, ఒక్క డ్రాగన్ రైలు మీద తప్ప. తిరనాళ్లలో జెయింట్ వీలు పక్కన చిన్నపిల్లల కోసం వేస్తారే, అదే. దాన్ని ఎవరైనా రోలర్ కోస్టర్ అన్నారా, ఆయన చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోతుంది. “మోటారు తిప్పితే తిరిగేది కోస్టరా? ఒక్కసారి పైకి లాగో, ముందుకి తోసో వదిలాక చివరిదాకా తన బరువు మీద తనే పోవాలి. మొదటి గుట్టని మించి రెండోది ఉండకూడదు. పట్టా పైన ఓ చక్రం, పక్కన ఓ చక్రం, అడుగున ఓ చక్రం. అడుగుది లేకపోతే గుట్ట దాటేటప్పుడు బండి గాల్లోకి లేచిపోతుంది!” ఈ పాఠం ముగిసేలోపు ఆయన కూతురు అదే డ్రాగన్ రైలు రెండుసార్లు ఎక్కి, మూడో టిక్కెట్టుకి చెయ్యి చాస్తుంది.

2025 ఫిబ్రవరి 28న బావ పొద్దుటినుంచీ దిగాలుగా ఉన్నారు. ఎవరో పెద్దాయన పోయారనుకుని అక్క కాఫీ ఇచ్చి మెల్లగా అడిగింది. పోయింది కింగ్డా కా. న్యూజెర్సీలో 139 మీటర్ల ఎత్తున ఇరవయ్యేళ్లు నిలబడిన కోస్టర్‌ని ఆరోజు మందుగుండు పెట్టి కూల్చేస్తున్నారు. అక్కడే ఉంటున్న పెదనాన్న కొడుక్కి ఫోన్ చేసి, “మూడున్నర సెకన్లలో 206 కిలోమీటర్ల వేగం అందుకునే బండిరా! ఒక్కసారైనా ఎక్కావా?” అని నిలదీశారు. ఎక్కలేదన్నాడు. వీసా గొడవల్లో ఉన్నవాణ్ణి పట్టుకుని పావుగంట తిట్టారు. సౌదీలో 250 కిలోమీటర్ల వేగంతో ఫాల్కన్స్ ఫ్లైట్ అనే కోస్టర్ వస్తోందన్న ఊరటే లేకపోతే ఆ పూట అన్నం కూడా తినేవారు కాదు.

తను ఎక్కలేదా అంటే, ఎక్కారు. హైదరాబాద్ వండర్‌లాలో రీకాయిల్ అనే కోస్టర్ ముందుకు దూకి, తలకిందులై, వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. బండిలో అందరూ కేకలు పెడుతుంటే బావ పక్కవాడికి బ్రేకుల సంగతి వివరిస్తున్నారు. తలకిందులైనప్పుడు తెగిన వాక్యాన్ని కిందికి దిగాక, చెప్పుల స్టాండు దగ్గర పూర్తిచేశారు. పక్కవాడు అప్పటికి వాంతి చేసుకుంటున్నాడు.

బాపట్లలో ఇంజనీరింగ్ కలిసి చదివినవాళ్లు ఏటా సూర్యలంకలో కలుస్తారు. అందరూ సముద్రంలోకి దిగితే ఈయన తడి ఇసుక మీద లూపు గీస్తారు. అచ్చమైన గుండ్రం ఎందుకు పనికిరాదంటే, పైన తల తిరిగేచోట పడిపోకుండా ఉండేంత వేగం పెడితే, అడుగున ఒంటి బరువు ఆరింతలై మెడలు పట్టేస్తాయట. అందుకే 1976లో కాలిఫోర్నియాలో ష్వార్జ్‌కాఫ్, స్టెంగెల్ అనే ఇద్దరు జర్మన్లు పైన ఇరుకుగా, కింద విశాలంగా నీటిచుక్కలా లూపు కట్టారు. స్టెంగెల్ పేరు చెప్పేటప్పుడు బావ గొంతులో తేడా వస్తుంది, ఊళ్లో పెద్దలు ఎన్టీఆర్ పేరు చెప్పినట్టు. అల వచ్చి బొమ్మ చెరిపేస్తే రెండడుగులు జరిగి మళ్లీ గీస్తారు. స్నేహితులూ జరుగుతారు. చేపల వేపుడు పొట్లం ఆయన దగ్గరే ఉంటుంది మరి.

అసలు కథంతా ఇంట్లో భోజనాల బల్ల మీద ఉంది. తెనాలి పాత ఇనుముతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్న ఊరు గనక, బావ సైకిలు చువ్వలూ బైండింగు వైరూ మూటగట్టి తెచ్చుకుంటే ఎవరూ వింతగా చూడరు. వాటితో నెలకో కొత్త డిజైను, అసలుకి వందో వంతు. పొడవు వందో వంతైతే కాలం పదో వంతు అవుతుందట. రెండు నిమిషాల సవారీ పన్నెండు సెకన్లలో ముగుస్తుంది. “రా, చూద్దువుగాని!” అని పిలిస్తే, అక్క చెయ్యి తుడుచుకుని వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఆవిడ పెళ్లయినప్పటినుంచీ ఒక్క సవారీ కూడా చూళ్లేదు.

కూర్చున్న మనిషి వందో వంతంటే సెంటీమీటరుకి కాస్త తక్కువ. అంటే వేరుశనగ గింజ. పది గుళ్లు బండిలో కూర్చుంటాయి. రెండు ట్రిప్పులయ్యేసరికి ఆరే మిగులుతాయి. ప్రమాదమేమో అని బావ లూపు పరీక్షిస్తుంటే, నా మేనకోడలు నోరు కదుపుతూ అమాయకంగా చూస్తుంది.

కిందటి సంక్రాంతికి ఆ సరంజామా అట్టపెట్టెలో పెట్టుకుని రేపల్లె, అంటే మా ఇంటికి, రైల్లో వచ్చారు. 1916 నాటి లైను. వేమూరు, భట్టిప్రోలు మీదుగా దారంతా గీత గీసినట్టు చదును. “ఇంత పట్టా వేసి ఒక్క గుట్ట పెట్టలేదు చూడు” అని నాతో నొచ్చుకున్నారు.

అరుగు మీద బిగించి గోళీ వదిలారు. పది సెంటీమీటర్ల వ్యాసార్ధం లూపుకి 25 సెంటీమీటర్ల ఎత్తు చాలదు, గోళీ దొర్లడానికే కొంత ఖర్చవుతుంది గనక 27 కావాలి, రాపిడికి ఇంకో రెండు, అని లెక్క చెప్పారు. లూపు దాటింది. తర్వాతి మలుపులో గోళీ ఎగిరి పశువుల కుడితిలో పడింది. మళ్లీ వదిలితే మళ్లీ కుడితే.

నాన్న చుట్ట పక్కన పెట్టి వంగి చూశారు.

“ఎక్కి ఎక్కడికి పోతారు అల్లుడుగారూ?”

“ఎక్కిన చోటికే మామయ్యగారూ.”

నాన్న దానికేమీ అనలేదు. డెల్టా రైతు గనక ఆయన కళ్లు మలుపు మీదే ఉన్నాయి. “కాలవ మలుపులో నీళ్లు బయటి ఒడ్డునే కోస్తయ్. అక్కడ గట్టు లేపుకోవాలి. మీరు రెండూ సమానంగా పెట్టారేంటి?”

బావ మాట్లాడకుండా బయటి వైరు పైకి వంచారు. గోళీ ఒరిగి, మలుపు తిరిగి, చివరిదాకా పోయింది. స్టెంగెల్ తర్వాత ఆ గొంతుతో బావ పిలిచే రెండో మనిషి మా నాన్నే.

ఇప్పుడు నాన్న రోజూ సాయంత్రం ఫోన్ చేసి, “అమ్మాయీ, బాగున్నావా” అని అక్క జవాబు వినకుండానే “అల్లుడుగారికియ్యి” అంటున్నారు. అరుగు మీద బైండింగు వైరు చుట్ట ఒకటి కొత్తగా చేరింది. అమ్మ వేరుశనగ గుళ్ల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.